పోర్ట్ బ్లెయిర్‌లో చల్లని ఇంటికి ఒక ప్రణాళిక

విశాఖపట్నం రేవు నుంచి ఆగ్నేయ దిశగా సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో, దక్షిణ అండమాన్ ద్వీపపు తూర్పు తీరాన పోర్ట్ బ్లెయిర్ నగరం ఉంది. 2024 సెప్టెంబరులో ఈ నగరానికి శ్రీ విజయ పురం అని పేరు పెట్టారు. పాఠకులకు చిరపరిచితమైనది పాత పేరే గనుక ఈ వ్యాసంలో ఆ పేరునే వాడుతున్నాను. నగరంలో సమతలమైన నేల తక్కువ. ఏ వీధిలో నడిచినా ఎక్కడమో దిగడమో తప్పదు. ప్రతి మలుపులోనూ కొబ్బరి చెట్ల సందుల నుంచి సముద్రం తొంగి చూస్తుంది. జంగ్లీఘాట్ చేపల రేవులో నిలబడితే శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల మాట యథాతథంగా చెవిన పడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాలలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం.

విధి నిర్వహణలో భాగంగా ఈ నగరంలో కొన్ని వారాలు గడిపే అవకాశం నాకు కలిగింది. అక్కడ పరిచయమైన సహోద్యోగి ఒకరు పదవీ విరమణకు దగ్గరలో ఉన్నారు. ఆయన తండ్రిగారి కాలంలోనే ఆ కుటుంబం శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి అక్కడ స్థిరపడింది. గారాచర్మ వైపు వాలు నేలలో ఆయనకు చిన్న స్థలం ఉంది. భవిష్య నిధి సొమ్ముతో అక్కడ ఒక ఇల్లు కట్టుకోవాలని సంకల్పం. ఆయన నా ముందు పెట్టినది కెనడాలోని ఒక ఇంటి బొమ్మ. ఆ ఇంటి గోడలు అడుగు మందం. ఆ గోడల నిండా ఉష్ణనిరోధక పదార్థం. “చలిని ఆపిన గోడ ఎండను మాత్రం ఆపదా? ఇలాంటిది ప్రత్యామ్నాయ సామగ్రితో ఇక్కడ కట్టలేమా?” అన్నది ఆయన ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానం వెదకడానికి నగరమంతా తిరిగి చూసిన విషయాలు, వేసిన లెక్కలు మన సంస్థ ఉద్యోగులకూ కుటుంబాలకూ ఉపయోగపడగలవని ఇక్కడ పొందుపరుస్తున్నాను.

అతినిరోధక గృహం పుట్టుక

1973 నాటి చమురు సంక్షోభం పాశ్చాత్య దేశాలలో ఇంటిని వెచ్చబెట్టుకోవడాన్ని ఖరీదైన వ్యవహారంగా మార్చివేసింది. దానికి జవాబుగా 1976లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ‘లో-కాల్’ అనే ఇంటి నమూనాను రూపొందించింది. 1977లో కెనడాలోని రెజైనా నగరంలో సస్కాచెవాన్ కన్సర్వేషన్ హౌస్ వెలసింది. గోడలలో సుమారు 300 మిల్లీమీటర్ల నిరోధక పొర, కప్పులో అంతకంటె మందం, గాలి చొరబడని కిటికీలు, లోపలి గాలిని మార్చే ఉష్ణ వినిమయ యంత్రం దాని లక్షణాలు. 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో నిర్మించిన తొలి ‘పాసివ్ హౌస్’ ఇదే ఆలోచనకు కొనసాగింపు.

రెజైనాలో శీతకాలపు రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 35 డిగ్రీల వరకు పడిపోవచ్చు. ఇంటి లోపల 21 డిగ్రీలు కావాలి. అంటే గోడకు అటూ ఇటూ 56 డిగ్రీల తేడా. పోర్ట్ బ్లెయిర్‌లో ఏడాది పొడుగునా గాలి ఉష్ణోగ్రత 23కూ 32కూ నడుమ ఊగిసలాడుతుంది. పగటికీ రాత్రికీ ఉన్న తేడా ఏడెనిమిది డిగ్రీలకు మించదు. నీడన ఉన్న గోడకు లోపలి గాలికీ బయటి గాలికీ తేడా రెండు మూడు డిగ్రీలే. అడుగు మందం గోడ ఇక్కడ ఆపవలసిన వేడి అతి స్వల్పం. పైగా వంట వల్ల, మనుషుల వల్ల, దీపాల వల్ల లోపల పుట్టిన వేడిని రాత్రివేళ బయటకు పోనీయక పట్టి ఉంచుతుంది. గాలిలోని తేమ చాలా నెలలు 80 శాతానికి అటూ ఇటూ ఉండే ఆ ఊరిలో మూసిన ఇల్లు ఉక్కపోతకు నిలయమవుతుంది.

ఈ ఊరి ఇంటికి వేడి ప్రధానంగా పైనుంచి వస్తుంది. పోర్ట్ బ్లెయిర్ ఉత్తర అక్షాంశం 11.7 డిగ్రీలు. ఏప్రిల్ 20 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 22 ప్రాంతంలో మరొకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. ఆ నడుమ నాలుగు నెలలూ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికి ఒరిగి ఉంటాడు. కనుక ఉత్తరపు గోడకు ఎండ తగలదన్న మన నమ్మకం అక్కడ చెల్లదు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని అనుసరిస్తుంది. పోర్ట్ బ్లెయిర్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉన్నది. అందువల్ల అక్కడి అసలైన మధ్యాహ్నం గడియారంలో సుమారు 11 గంటల 20 నిమిషాలకే వస్తుంది. ఉద్యోగి స్నానం ముగించేసరికే తూర్పు గోడ వెచ్చబడి ఉంటుంది.

రేకు మీద ఒక అభ్యంతరం

ప్రణాళిక గురించి మాట్లాడడానికి మిత్రుని ఇంటికి వెళ్ళినప్పుడు, రేకుల కప్పు అనే మాట వినగానే ఆయన తల్లిగారు నొచ్చుకున్నారు. 2004 డిసెంబరు 26 నాటి మహా భూకంపంలో పోర్ట్ బ్లెయిర్ ప్రాంతపు నేల సుమారు ఒక మీటరు మేర కుంగింది. సిప్పీఘాట్ వంటి పల్లపు ప్రాంతాలలోకి సముద్రపు నీరు వచ్చి నిలిచిపోయింది. వీరి పాత ఇల్లు, వరి మడి ఆ నీటిలోనే పోయాయి. తరువాత ఈ కుటుంబం తాత్కాలిక రేకుల వసతిలో తలదాచుకొన్నది. పైకప్పూ గోడలూ అన్నీ రేకులే.

“రెండేళ్ళు రేకు కింద ఉడికిపోనాను బావూ. మళ్ళీ రేకే ఏస్తానంటే ఆ ఇంట్లోకి నాను రాను. శ్లాబు ఏయించండి” అన్నారామె.

ఆ మాటను కాదనడానికి లేదు. ఉత్త రేకు ఎండకు కాగి, దాని కింద నిలబడిన మనిషి తల మీద కొలిమిలాగా వేడిని విరజిమ్ముతుంది. అయితే శ్లాబుకు కూడా తన దోషాలు ఉన్నాయి. పగలంతా ఎండను మింగి, పడుకొనే వేళకు ఆ వేడిని గదిలోకి దింపడం దాని స్వభావం. అంతకంటె ముఖ్యమైనది బరువు. 80 చదరపు మీటర్ల కప్పును 150 మిల్లీమీటర్ల శ్లాబుగా పోస్తే ఒక్క కాంక్రీటు బరువే 30 టన్నులు. భూకంపం వచ్చినప్పుడు ఇంటి మీద పడే తాకిడి దాని బరువును బట్టి ఉంటుంది. 1941 జూన్ 26 నాటి భూకంపంలో పోర్ట్ బ్లెయిర్‌లోనూ, ఎదుటనే ఉన్న రాస్ ద్వీపంలోనూ రాతి, ఇటుక కట్టడాలు దెబ్బతిన్నాయి. ఆ రాస్ ద్వీపానికే 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం అని పేరు పెట్టారు. 2004 సంగతి అందరికీ తెలిసినదే. తల మీద 30 టన్నులు ఉంచుకొని నిద్రపోవడానికి ఈ ద్వీపాలు అనువైన చోటు కావు. ఉంచుకోక తప్పకపోతే పునాది, స్తంభాలు, ఇనుము అన్నీ అందుకు తగినట్లు పెరగాలి. ఖర్చు కూడా పెరుగుతుంది.

సామగ్రి దొరికే తీరు

పోర్ట్ బ్లెయిర్‌లో ఇల్లు కట్టేవారికి సిమెంటు, ఇనుము ఓడ మీద రావాలి. సెల్యులర్ జైలు కట్టిన నాటి నుంచీ ఇదే పరిస్థితి. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ కారాగారానికి ఇటుకలు బర్మా నుంచి తెచ్చారు. దానిని చూడబోయినవారి మనస్సు అక్కడ మగ్గిన దేశభక్తుల స్మృతితో బరువెక్కుతుంది. అటు తరువాత ఆ గోడలను ఒక ఇంజనీరు కంటితో కూడా చూడవచ్చు. ఏడు విభాగాలలో నేడు మూడు మిగిలాయి. వందేళ్ళు దాటిన ఆ ఇటుక పని సముద్రపు గాలికి ఎలా తట్టుకున్నదీ, ఎక్కడెక్కడ చెమ్మకు లోబడినదీ ఒకే చోట కనిపిస్తాయి.

ఇసుక కథ వేరు. ఈ ద్వీపాలలో గోదావరి, నాగావళి వంటి నదులు లేవు. చాలాకాలం ఇళ్ళకు కావలసిన ఇసుకను సముద్ర తీరాల నుంచే తవ్వి తెచ్చారు. తీరపు ఇసుకలోని ఉప్పు కాంక్రీటులోని ఇనుమును తినివేస్తుంది. తవ్విన మేరకు తీరం కోతకు గురవుతుంది. శేఖర్ సింగ్ కమిషన్ నివేదికను పరిశీలించిన పిమ్మట సుప్రీంకోర్టు 2002 మే 7న ఇచ్చిన ఉత్తర్వులలో ఇసుక తవ్వకాన్ని ఏటేటా తగ్గించుతూ, అయిదేళ్ళలోగా మూడవ వంతుకు తేవాలని ఆదేశించింది. సహజారణ్యాలలో చెట్ల నరికివేతను స్థానికుల నిజమైన అవసరాలకు పరిమితం చేసింది. రెండేళ్ళ తరువాత వచ్చిన సునామీ, తీరపు ఇసుక దిబ్బ విలువ ఏమిటో అందరికీ తెలియజెప్పింది. కొండరాయిని పిండి చేసి తయారు చేసే రాతి ఇసుకే ఇప్పుడు మేలైన మార్గం.

కలప ఒకప్పుడు అక్కడి గృహనిర్మాణానికి ప్రాణం. 1883లో స్థాపించిన చాథమ్ కలప మిల్లు ఆసియాలోని పెద్ద, పాత మిల్లులలో ఒకటి. అక్కడ పడాక్ దుంగ రంపం కింద ఎర్రగా విచ్చుకోవడం చూడదగిన దృశ్యం. పాత బస్తీలలో దిమ్మెల మీద లేపి కట్టిన చెక్క ఇళ్ళు ఇంకా కొన్ని కనిపిస్తాయి. నేల చెమ్మ తగలదు, కింద నుంచి గాలి ఆడుతుంది, కంపనానికి ఊగి నిలుస్తాయి. ఇప్పుడు ఇల్లంతా పడాక్‌తో కట్టడం మధ్యతరగతి ఉద్యోగికి సాధ్యం కాదు. చేయవలసిన అవసరమూ లేదు. దూలాలకు, ద్వారబంధాలకు మాత్రం మంచి కలప వాడి, మిగిలిన చోట శుద్ధి చేసిన వెదురు వాడవచ్చు. వెదురును బోరాక్స్, బోరిక్ ఆమ్లం ద్రావణంలో నానబెట్టి ఆరబెడితే పురుగు, చెదలు చేరడం బాగా తగ్గుతుంది. తడవకుండా కాపాడడం మన వంతు.

ఇక కొబ్బరి. ద్వీపాల నిండా అదే. కాయ వలిచిన తరువాత మిగిలే పీచు చక్కని ఉష్ణనిరోధకం. దానిని పలకగా అదిమితే ఉష్ణ వాహకత ఇంచుమించు 0.05. కాంక్రీటుకు ఇది 1.58. అంటే అయిదు సెంటీమీటర్ల పీచు పలక చేసే పనిని కాంక్రీటు చేయాలంటే ఒకటిన్నర మీటర్ల మందం కావాలి.

లెక్క చెప్పేది

ఎండలో నల్లబడిన కప్పు పై ముఖాన్ని 60 డిగ్రీలుగా, గది గాలిని 30 డిగ్రీలుగా తీసుకుందాం. 150 మిల్లీమీటర్ల ఉత్త శ్లాబు గుండా చదరపు మీటరుకు సుమారు 100 వాట్ల వేడి దిగుతుంది. 80 చదరపు మీటర్లకు 8 కిలోవాట్లు. ఒక్కొక్కటి కిలోవాటు హీటర్లను ఎనిమిదింటిని ఇంటి కప్పుకు వేలాడదీసినట్లు. ఆ శ్లాబు మీద 25 మిల్లీమీటర్ల మంచి నిరోధక పొర వేస్తే ఈ 100 వాట్లు 32కు తగ్గుతాయి. 50 మిల్లీమీటర్లు వేస్తే 19కి, 100 వేస్తే 11కు దిగుతాయి. మొదటి అంగుళం 68 వాట్లను ఆపింది. రెండవ అంగుళం 13ను ఆపింది. తరువాతి రెండు అంగుళాలు కలిసి 8ని మాత్రమే ఆపాయి. అడుగు మందం వేసినవాడు ఓడ కిరాయి చెల్లించడం తప్ప సాధించేది స్వల్పం. నిరోధక పదార్థాలు బరువు లేకపోయినా చోటు చాలా ఆక్రమిస్తాయి. ఓడలో చోటుకూ వెల ఉంటుంది.

మన దేశంలో 2018లో వెలువడిన ‘ఎకో నివాస్ సంహిత’ కూడా ఇదే దారిలో నడిచింది. కప్పు ఉష్ణ ప్రసరణ గుణకం 1.2కు మించరాదన్నది దాని నియమం. శ్లాబుకైనా రేకుకైనా దాదాపు ఒక అంగుళం మంచి నిరోధకంతో ఆ హద్దు చేరుకోవచ్చు. తేమగల ఉష్ణ ప్రాంతాలలో తెరుచుకొనే కిటికీల వైశాల్యం నేల వైశాల్యంలో ఆరవ వంతుకు తగ్గరాదని కూడా ఆ సంహిత నిర్దేశించింది. శీతల ప్రాంతాలకు పన్నెండవ వంతు చాలునన్నది. కప్పును కప్పి ఉంచు, గోడను తెరిచి ఉంచు అన్నదే ఈ రెండు నియమాల సారాంశం.

నికోబారీలు, మన చుట్టిల్లు

ఈ లెక్కలు తెలియకముందే తెలిసినవారు ఉన్నారు. కార్ నికోబార్ ద్వీపవాసుల సంప్రదాయ గృహం నిలువెత్తు గుంజల మీద నిలిచిన తేనెపట్టు ఆకారపు గుండ్రని ఇల్లు. దట్టమైన గడ్డి కప్పే దానికి సర్వస్వం. నేలకు పరిచిన బద్దల సందుల నుంచి గాలి పైకి వస్తుంది. ఆ ద్వీపానికి పర్యాటకులు వెళ్ళే వీలు లేదు. పోర్ట్ బ్లెయిర్‌లోని మానవశాస్త్ర మ్యూజియంలో ద్వీపవాసుల ఇళ్ళ నమూనాలు చూడవచ్చు.

ఉత్తరాంధ్ర తీరంలో పుట్టినవారికి ఆ నమూనా చూడగానే సొంత ఊరి చుట్టిల్లు గుర్తుకు రాక మానదు. మట్టి గోడ, దాని మీద దాదాపు నేలను తాకే గడ్డి, తాటాకుల కప్పు. అడుగు మందం పొడి గడ్డి ఉష్ణనిరోధం లెక్కగడితే 4కు పైగా వస్తుంది. రెజైనా ఇంటి గోడ నిరోధంలో ఇది సగానికి పైబడినది. మన పెద్దలకు అతినిరోధక గృహం కొత్త కాదు. దానిని కప్పు వరకే ఉంచారు, అంతే. గడ్డికి నిప్పు భయం, ఎలుకల బెడద, రెండు మూడేళ్ళకొకసారి మార్చవలసిన శ్రమ ఉన్నందున దానికి తిరిగి వెళ్ళలేము. దాని గుణాన్ని మాత్రం గ్రహించవచ్చు.

ప్రణాళిక

చివరకు మేము కాగితం మీద గీసిన కప్పు పైనుంచి కిందికి ఇలా ఉంటుంది. అన్నిటికంటె పైన లేత రంగు పూత గల జింక్, అల్యూమినియం రేకు. దాని కింద నాలుగు అంగుళాల గాలి ఖాళీ. చూరు వద్ద గాలి ప్రవేశించి, వేడెక్కి, కొప్పు వద్ద బయటకు పోతుంది. రెండు చోట్లా పక్షులూ ఎలుకలూ దూరకుండా జాలీ ఉంటుంది. ఆ ఖాళీలో మెరిసే ముఖం కిందికి ఉండేలా పలుచని అల్యూమినియం రేకును పరచాలి. పైకి ఉంచితే దుమ్ము పట్టి మెరుపు పోతుంది. అది చుట్టగా వస్తుంది గనుక ఓడలో చోటు పట్టదు. దాని దిగువన అయిదు సెంటీమీటర్ల కొబ్బరి పీచు పలక. అన్నిటికీ కింద, గదిలోనివారికి కనిపించేది, వెదురు చాప పలకల లోకప్పు. ఈ అమరిక గుణకం 0.8 దరిదాపులలో ఉంటుంది. సంహిత హద్దు కన్నా మెరుగు. బరువు చదరపు మీటరుకు సుమారు 30 కిలోలు, మొత్తం కప్పు రెండున్నర టన్నుల లోపు. శ్లాబు బరువులో ఇది పన్నెండవ వంతు.

తేలిక కప్పును గాలివాన ఎత్తుకుపోగలదు. కనుక వాసాలను దూలాలకు, దూలాలను స్తంభాలకు, స్తంభాలను పునాదికి బోల్టులతో, ఇనుప పట్టీలతో వరుసగా బంధించాలి. పీచు, వెదురు మండే పదార్థాలు కనుక కరెంటు తీగలు విధిగా గొట్టాలలో ఉండాలి. వంటింటి మీద లోకప్పుకు సిమెంటు పలకలు వేయాలి.

గోడలకు అస్సాం తరహా ఇల్లు ఆదర్శం. 1897 నాటి మహా భూకంపం తరువాత ఈశాన్యంలో ఆ తరహా ఇళ్ళు విస్తృతంగా వ్యాపించాయి. కిటికీ గడప వరకు, అంటే మూడడుగుల ఎత్తు వరకు, రాతి ఇసుకతో చేసిన బోలు దిమ్మెల గోడ. పైన కలప చట్రం, అందులో వెదురు తడిక, దానికి రెండు వైపులా సిమెంటు పూత. కాంక్రీటు స్తంభాలకు ఎం-30 రకం, ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కప్పుదల తగ్గరాదు. ఉప్పు గాలిలో ఈ రెండింటిలో పొదుపు చేస్తే పదేళ్ళలో పగుళ్ళు చూడవలసి వస్తుంది.

మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలి, శీతకాలంలో ఈశాన్యపు గాలి వీస్తాయి. ఆ రెండు మూలలకు ఎదురెదురుగా పెద్ద కిటికీలు ఉండాలి. నైరుతి గాలి వానను కూడా తెస్తుంది కనుక ఆ వైపు లోతైన వరండా అవసరం. నాలుగు వైపులా చూరు కనీసం మూడడుగులు ముందుకు రావాలి, ఉత్తరం వైపు సైతం.

మిత్రుని కుమారుడు చల్లని యంత్రం గల గది ఒకటి కావాలన్నాడు. పోర్ట్ బ్లెయిర్ విద్యుత్తులో అధిక భాగం ఇప్పటికీ ఓడ మీద వచ్చే డీజిల్ నుంచే తయారవుతున్నది. కనుక ఒక్క పడకగదికి మాత్రమే ఆ ఏర్పాటు చేశాము. ఆ గదికి గోడలలో కూడా నిరోధక పొర కావాలి. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. రెజైనాలో ఆవిరిని అడ్డుకొనే పలుచని పొరను గోడకు లోపలి వైపు వేస్తారు. అక్కడ తేమ లోపలి నుంచి బయటకు ప్రయాణం చేస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌లో అది బయటి నుంచి చల్లని గదిలోకి వస్తుంది కనుక ఆ పొర వెలుపలి వైపు ఉండాలి. కెనడా బొమ్మను యథాతథంగా అనుకరిస్తే నీరు గోడలోనే చేరి పీచుకు బూజు పడుతుంది.

పోర్ట్ బ్లెయిర్ వర్షపాతం ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్లు. ఈ కప్పు మీద పడే నీటిలో అయిదింట నాలుగు వంతులు పట్టుకున్నా లక్షా తొంభై వేల లీటర్లు అవుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు వానలు బాగా తగ్గే ఆ ఊరిలో, వాలు నేల దిగువన ఒక తొట్టి కట్టుకుంటే వేసవి గడిచిపోతుంది.

ఈ పటమంతా తల్లిగారికి వివరించినప్పుడు ఆమె చాలాసేపు ఆలోచించి, “అయితే పైన రేకు గొడుగు, కింద చాప పందిరి. అంతేనా?” అని అడిగారు. అంతేనన్నాను. “ముందు ఒక్క గదికి ఏసి చూపించండి. వైశాఖంలో ఒక మధ్యాహ్నం పడుకొని చూస్తాను” అన్నారు. ఇంజనీర్లు నమూనా పరీక్ష అని పిలిచేది ఇదే. మిత్రులు అందుకు సమ్మతించి, స్థలంలో ముందుగా సామాను గదిని ఈ పద్ధతిలో కట్టడానికి నిర్ణయించుకున్నారు. మిగిలిన ఇంటి కప్పు ఆ గది ఇచ్చే తీర్పును బట్టి ఉంటుంది.

ద్వీపాలలో పనిచేసే సహోద్యోగులే కాక విశాఖ, కాకినాడ, మచిలీపట్నం తీరాలలో ఇల్లు తలపెట్టినవారు కూడా ఈ లెక్కలను తమ స్థలానికి అన్వయించుకోవచ్చు. అక్కడా అదే తేమ, అదే ఉప్పు గాలి, అదే నడినెత్తి ఎండ. ఇప్పటికే శ్లాబు వేసుకున్నవారు దాని మీద నిరోధక పొర, ఆ పైన తెల్లని పెంకులు పరిచినా ఎంతో ఉపశమనం కలుగుతుంది. ఉత్త తెల్ల రంగు కూడా మంచిదే. అయితే వానలు ఎక్కువైన చోట అది నాచు పట్టి నల్లబడుతుంది కనుక ఏటా వానలు వెలిసిన తరువాత కడిగి, మళ్ళీ పూత వేయడం మరువరాదు.